దగ్గరికెళ్తే ఫోటో ఎందుకు మసకవుతుంది? పెరట్లో పూలు, పురుగులు ఫోన్‌తో షార్ప్‌గా తీయడం

ముందు ఒక ఫోటో చూపిస్తాను. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం ఫోటోలో ఏముందో నోటితో చెప్తాను. మందార కొమ్మ ఒకటి. ఆకు కాడ దగ్గర తెల్లగా, దూది అంటుకున్నట్టు ఏదో ఉంది. అదేంటో మాత్రం తెలియట్లేదు. వెనకున్న కుండీ మాత్రం భలే వచ్చింది. కుండీ మీద నీళ్ల మరకలు కూడా లెక్కపెట్టొచ్చు. నాకు కావల్సింది మసక, అక్కర్లేనిది షార్ప్.

ఇది నేను తీసిన ఫోటోనే. పోయిన వర్షాకాలంలో మా డాబా మీద తీశాను. ఆ మందార మొక్కని అమ్మ కడియం నర్సరీల నుంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకుంది. దానికి ఏదో పట్టింది. "ఒరే నాన్నా, నీ ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఎవరినైనా అడుగురా" అంది. తీశాను, మొక్కల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో పదిమంది తేల్చేశారు, పిండినల్లి అని. వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొట్టమన్నారు. కొట్టాం. అది చాలక పాత టూత్‌బ్రష్ తీసుకుని ఒక్కొక్క కొమ్మ తోమి మరీ కడిగాం. మూడు వారాలు తిరిగేసరికి మొక్క నిండా పిండినల్లి, మొదటిసారి కంటే ఎక్కువ.

తర్వాత తెలిసిన విషయం ఏంటంటే, పిండినల్లి వేషంలో ఉండే ఇంకో పురుగు ఉంది. పేరు క్రిప్టోలీమస్. అక్షింతల పురుగుల కుటుంబమే. పెద్దయ్యాక నల్ల రెక్కలు, నారింజ రంగు తలతో చిన్న పెంకుపురుగులా ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఒళ్లంతా తెల్లటి మైనం పోగులతో అచ్చం పిండినల్లిలా కనిపిస్తుంది. అది తినేదే పిండినల్లిని! ద్రాక్ష తోటల్లో వదలడానికి దాన్ని ల్యాబుల్లో ప్రత్యేకంగా పెంచుతారు. అంటే మొక్కకి శత్రువు, మొక్కకి కాపలా, రెండూ తెల్లగానే ఉంటాయి. మరి మేము తోమి పారేసింది దేన్ని? నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే సాక్ష్యంగా ఉన్నది ఈ ఒక్క మసక ఫోటోనే. దీన్ని ఎంత జూమ్ చేసినా అందులో లేని కాళ్లు కనిపించవు కదా.

అందుకే ఈ ఎపిసోడ్. పూల ఫోటో స్టేటస్‌లో పెట్టుకోవడానికైనా, పురుగేంటో కనుక్కోవడానికైనా పని ఒకటే. దగ్గరి నుంచి, అసలు వస్తువు మీదే ఫోకస్ పడేలా తీయడం. కొత్త ఫోన్ కొనమని చెప్పను, భయపడకండి.

ముందు జబ్బేంటో చూద్దాం. మీ గ్యాలరీలో పాడైన దగ్గరి ఫోటో ఒకటి తెరిచి, వేళ్లతో పెద్దది చేయండి. ఫోటోలో వేరే ఎక్కడైనా, వెనక ఆకో ముందున్న మొగ్గో షార్ప్‌గా ఉందా? ఉంటే ఫోకస్ తప్పుడు చోట పడిందన్నమాట. ఎక్కడా షార్ప్‌గా లేదు, అంచులు ఒకవైపుకి అలికినట్టు, రెండు గీతలు పడ్డట్టు ఉన్నాయా? అయితే చెయ్యి కదిలింది, లేదా పువ్వు కదిలింది. మొత్తం ఫోటో మీద పొగమంచు పరుచుకున్నట్టుందా? నవ్వకండి, లెన్స్ మీద మీ వేలి జిడ్డు. బనీను గుడ్డ లాంటి మెత్తటి కాటన్‌తో తుడవండి. ఈ మూడో జబ్బుకి మందు అంతే. మిగతా రెండింటి గురించే మాట్లాడుకుందాం.

ఫోకస్ తప్పడానికి మొదటి కారణం, మనం మరీ దగ్గరికి వెళ్లిపోవడం. పువ్వు బాగా కనపడాలంటే దగ్గరికెళ్లాలి అనిపిస్తుంది, సహజం. మీ వేలిని ఒక కంటి ముందు పెట్టుకుని మెల్లగా దగ్గరికి తెండి. ఒకచోట వేలిముద్ర గీతలన్నీ కలిసిపోతాయి. అక్కడి నుంచి ఎంత కళ్లు చిట్లించినా లాభం లేదు. ఫోన్ లెన్స్‌కి కూడా అలాంటి గీత ఒకటుంది. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయాలంటే లోపల లెన్స్ సెన్సర్ నుంచి కాస్త ముందుకు జరగాలి. అంత పల్చటి ఫోన్‌లో అది జరగడానికి ఉన్న చోటెంత? చాలా కొంచెం. ఆ చోటు అయిపోయిందంటే ఫోకస్ కూడా అయిపోయినట్టే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఖరీదైన ఫోన్లకి ఈ బాధ ఎక్కువ. సెన్సర్ పెద్దదయ్యేకొద్దీ రాత్రి ఫోటోలు బాగా వస్తాయి కానీ, మెయిన్ కెమెరా దగ్గరగా చూడలేదు. చత్వారం వచ్చిన తాతయ్య పేపర్‌ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదువుతారే, అదే పరిస్థితి. లక్ష రూపాయల ఫోన్‌కి చత్వారం అన్నమాట. పాత ఫోన్ పది సెంటీమీటర్ల దూరంలో తీసిన పువ్వుని, కొత్త ఫోన్ మెయిన్ కెమెరా ఇరవై సెంటీమీటర్ల అవతల నుంచి తప్ప తీయలేకపోవచ్చు.

మీ ఫోన్ గీత ఎక్కడుందో ఇప్పుడే కొలుచుకోండి. న్యూస్‌పేపర్ గోడకి అంటించండి. కెమెరాని 1ఎక్స్‌లో పెట్టి పేపర్‌కి దాదాపు ఆనించి, మెల్లగా వెనక్కి వస్తూ అక్షరాల మీద ట్యాప్ చేస్తూ ఉండండి. అక్షరం అంచు మొదటిసారి ఎక్కడ పదునుగా వచ్చిందో అక్కడ ఆగి స్కేలుతో కొలవండి. ఆ అంకె గుర్తుపెట్టుకోండి. ఒక జాగ్రత్త: కొన్ని ఫోన్లు మీకు చెప్పకుండా మధ్యలో వేరే కెమెరాకి మారిపోతాయి. స్క్రీన్ మీద బొమ్మ చిన్న గెంతు గెంతితే మారిందని అర్థం. ఐఫోన్ ప్రోలో అయితే చిన్న పువ్వు గుర్తు కనపడుతుంది. దాన్ని నొక్కి ఆపేసి కొలవండి.

కొలిచాక ఏం చేయాలి? ఆ దూరానికి ఒక రెండు వేళ్లు అవతలే ఉండి, 2ఎక్స్ పెట్టండి. ఈ ఒక్క ముక్క పాటించినా మీ ఫోటోలు సగం బాగుపడతాయి. "జూమ్ చేస్తే క్వాలిటీ పోతుంది కదా అన్నా" అని కామెంట్ పెట్టబోతున్నారు, తెలుసు. 48 లేదా 50 మెగాపిక్సెల్ సెన్సర్ ఉన్న ఫోన్‌లో 2ఎక్స్ అంటే చాలావరకు సెన్సర్ మధ్య భాగాన్ని వాడుకోవడమే, నష్టం తక్కువ. అసలు ఇలా ఆలోచించండి: కాస్త క్వాలిటీ తగ్గినా ఫోకస్ ఉన్న బొమ్మని తర్వాత ఏదో ఒకటి చేసుకోవచ్చు. ఫోకస్ లేని బొమ్మని ఏ యాప్ కూడా నిజంగా బాగుచేయలేదు. యాప్ షార్ప్‌గా చేసి చూపించినా, అందులో సగం దాని ఊహే. పువ్వుకైతే పర్లేదు, పురుగుని గుర్తుపట్టడానికి ఆ ఊహ పనికిరాదు.

3ఎక్స్, 5ఎక్స్ సంగతి వేరు. ఆ టెలిఫోటో లెన్స్‌లలో చాలావాటికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. మీరు దగ్గరగా ఉంటే ఫోన్ సైలెంట్‌గా మెయిన్ కెమెరాకి వచ్చేసి, బొమ్మని కత్తిరించి 3ఎక్స్ అని చూపిస్తుంది. నమ్మకపోతే 3ఎక్స్ పెట్టి ఒక్కొక్క లెన్స్‌నీ వేలితో మూసి చూడండి. ఏది మూస్తే స్క్రీన్ చీకటవుతుందో అదే పనిచేస్తున్న కెమెరా. ఈమధ్య కొన్ని ఫోన్లలో టెలిఫోటోయే దగ్గరగా ఫోకస్ చేసేలా ఇస్తున్నారు. మీది అలాంటిదైతే అదృష్టవంతులు, దాన్నే వాడండి. పురుగుకి దూరంగా ఉండొచ్చు, మీ నీడ పడదు.

ఇక మాక్రో మోడ్. ఇందులో రెండు రకాలున్నాయి, తేడా తెలియక చాలామంది తిట్టుకుంటారు. మొదటిది, అల్ట్రావైడ్ కెమెరాకే ఆటోఫోకస్ ఇచ్చినవి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోలో ఇలాగే 2 సెంటీమీటర్ల దూరం దాకా వెళ్లొచ్చు. ఆండ్రాయిడ్‌లో పైస్థాయి ఫోన్లు చాలావాటిలోనూ ఉంది. బాగా పనిచేస్తుంది. కాకపోతే అంత దగ్గరికెళ్తే ఫోన్ నీడ పువ్వు మీదే పడుతుంది, సీతాకోకచిలుక ఉంటే అది కాస్తా ఎగిరిపోతుంది. పురుగు దాకా ఎందుకు, రెండు సెంటీమీటర్ల దూరంలోకి పెద్ద నల్లటి పలక వస్తే మనమైనా పారిపోతాం.

రెండోది, తక్కువ ధర ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా. వీటిలో చాలావరకు ఫోకస్ ఫిక్స్ చేసేసి ఉంటుంది, మామూలుగా 4 సెంటీమీటర్ల దగ్గర. అంటే స్క్రీన్ మీద ఎన్నిసార్లు ట్యాప్ చేసినా లోపల ఏదీ కదలదు. మీరే కదలాలి. స్కేలు పెట్టి 4 సెంటీమీటర్లు ఎంతో చేతికి అలవాటు చేసుకోండి, సుమారుగా రెండున్నర వేళ్ల మందం. అక్కడ ఫోన్ పెట్టి వెంట్రుకవాసి ముందుకి వెనక్కి కదుపుతూ తీయండి. ఎండ బాగా ఉంటే పర్వాలేదనిపించే ఫోటో వస్తుంది. నీడలో మాత్రం వద్దు, దానికంటే మెయిన్ కెమెరా 2ఎక్స్ చాలా నయం.

చత్వారం మాట వచ్చింది కాబట్టి, ఒక ప్రయోగం చెప్తాను. ఇంట్లో పెద్దవాళ్ల రీడింగ్ గ్లాసెస్ అడిగి తీసుకోండి. ఒక అద్దాన్ని ఫోన్ మెయిన్ కెమెరా ముందు పెట్టండి. ఇప్పుడు ఇంకా దగ్గరికి వెళ్లగలరు! లెక్క కూడా సులువే. మీ ఫోన్ గీత 20 సెంటీమీటర్లు అనుకుందాం. 100ని 20తో భాగిస్తే 5. కళ్లజోడు పవర్ ప్లస్ 2.5 అయితే, 5కి అది కలపండి, 7.5. మళ్లీ 100ని 7.5తో భాగించండి. 13 సెంటీమీటర్ల చిల్లర. అంటే 20 కాస్తా 13కి వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరికే క్లిప్-ఆన్ మాక్రో లెన్స్ చేసేది కూడా ఇదే పని, పవర్ ఎక్కువ అంతే. ప్లస్ 10 పెడితే 5, 10 కలిసి 15. వందని దాంతో భాగిస్తే 6.7 సెంటీమీటర్లు. కొనేటప్పుడు "ఇన్ని ఎక్స్‌లు" అని డబ్బా మీద రాసిన అంకెల్ని పట్టించుకోకండి. అంచుల్లో అక్షరాలు వంగిపోతున్నాయా లేదా అని న్యూస్‌పేపర్ మీద పెట్టి చూడండి. ఇంకో మాట, అమ్మ కళ్లజోడు తీసింది తీసినచోట పెట్టండి. నేను పెట్టలేదు. ఆ కథ వద్దులెండి.

సరే, దూరం కుదిరింది. అయినా పువ్వులో ఒక భాగం షార్ప్, మిగతాది మసక. ఇది రెండో కారణం. నాకు బాగా ఇష్టమైన విషయం కూడా ఇదే.

ఫోకస్ అంటే ఒక పొర. ఫోన్‌కి సమాంతరంగా గాల్లో ఒక పూతరేకు నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఆ పూతరేకుని తాకినదే షార్ప్‌గా వస్తుంది. దాని ముందున్నది, వెనకున్నది మసక. దూరంగా ఉన్న మనిషినో గుడినో తీసేటప్పుడు ఈ పొర మీటర్ల మందం ఉంటుంది, అందుకే మనకి దాని సంగతే తెలియదు. దగ్గరికి వచ్చేకొద్దీ అది పల్చబడిపోతుంది. మామూలు ఫోన్ మెయిన్ కెమెరాతో పది సెంటీమీటర్ల దూరంలో తీస్తే పొర మందం కొన్ని మిల్లీమీటర్లు. క్లిప్ లెన్స్ పెడితే ఇంకా సన్నం. పెద్ద కెమెరా అయితే లెన్స్ కంతని చిన్నది చేసి పొరని మందం చేసుకోవచ్చు. ఫోన్లలో దాదాపు అన్నిటికీ ఆ కంత మారదు. కాబట్టి మన చేతిలో ఉన్నది ఒక్కటే: ఆ పూతరేకుని ఎటు తిప్పాలి, ఎక్కడ పెట్టాలి.

మందార పువ్వే తీసుకోండి. మధ్యలోంచి పొడుగ్గా కాడలాంటిది బయటికి వస్తుంది కదా, దాని మీద పసుపు పుప్పొడి, చివర అయిదు ఎర్రటి బొట్లు. ఎదురుగా నిలబడి తీస్తే ఆ కాడ నేరుగా మీ ఫోన్ వైపు పొడుచుకొస్తుంది. దాని కొసకీ వెనకున్న రేకులకీ మధ్య అయిదారు సెంటీమీటర్లు ఉంటుంది. మీ పొరేమో మిల్లీమీటర్లు. కొస మీద ఫోకస్ పెడితే రేకులు పోతాయి, రేకుల మీద పెడితే పుప్పొడి పోతుంది. ఎంత గొప్ప ఫోన్ అయినా ఇంతే. ఇప్పుడు పక్కకి రండి. కాడ ఎడమ నుంచి కుడికి పడుకున్నట్టు కనపడేలా, ఫోన్ దానికి సమాంతరంగా పట్టుకోండి. కాడ మొత్తం, కింది నుంచి కొస దాకా, ఒకే పొరలోకి వచ్చేసింది. పుప్పొడి గింజలు విడివిడిగా కనపడతాయి. ఫోన్ అదే, పువ్వు అదే. మారింది మీరు నిలబడిన చోటు.

ఈ ఒక్క ఆలోచనతో మిగతావన్నీ మీరే కనిపెట్టేస్తారు. రెక్కలు ముడిచిన సీతాకోకచిలుకని పక్క నుంచి, రెక్కకి ఫోన్ సమాంతరంగా పెట్టి తీయాలి. రెక్కలు పరిస్తే నేరుగా పైనుంచి. బంతిపువ్వు పైనుంచి బానే వస్తుంది, కనకాంబరం కూడా. అదే శంఖుపుష్పాన్ని ఏ వైపు నుంచి తీసినా ఏదో ఒకటి వదులుకోవాలి, దాని ఆకారమే అంత. వదులుకోక తప్పనప్పుడు ఏది ఉంచాలో మీరు తేల్చుకోండి. ప్రాణి అయితే కన్ను ఉంచండి. తూనీగ కన్ను షార్ప్‌గా ఉంటే తోక మసకైనా ఎవరూ అడగరు. తోక షార్ప్‌గా ఉండి కన్ను మసకైతే మాత్రం ఫోటో పోయినట్టే.

ఇప్పుడు నా కుండీ సంగతికి వద్దాం. నేను పురుగు మీదే ట్యాప్ చేశాను కదా, కుండీ ఎందుకు షార్ప్‌గా వచ్చింది? మనం వేలు పెట్టినచోట ఫోన్ ఒక చిన్న డబ్బా గీస్తుంది. ఆ డబ్బా లోపల ఎక్కడ స్పష్టమైన గీతలు, వెలుగునీడల తేడా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. నా కొమ్మ ఆ డబ్బాలో సన్నటి పుల్లంత. మిగతా డబ్బా అంతా కుండీ, దాని మీద మరకలు. పైగా నేను నిలబడింది గీత కంటే దగ్గర. ఫోన్ అందినదాన్ని పట్టుకుంది. తప్పు దానిది కాదు.

దీనికి పల్లెటూరి మందు ఒకటుంది: మీ చెయ్యి. పురుగు పక్కనే, అంతే దూరంలో అరచెయ్యి పెట్టండి. చేతి మీద గీతలు బోలెడు, ఫోన్ వెంటనే పట్టుకుంటుంది. అప్పుడు స్క్రీన్ మీద వేలితో నొక్కి అలాగే పట్టుకోండి. ఐఫోన్‌లో ఏఈ-ఏఎఫ్ లాక్ అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్లలో తాళం గుర్తు వస్తుంది. ఫోకస్ అక్కడ తాళం పడింది. ఇక చెయ్యి తీసేయండి. ఇప్పటినుంచి ఫోకస్ చేసేది ఫోన్ కాదు, మీ నడుము. గాల్లో ఆ పూతరేకు ఫోన్ నుంచి ఒకే దూరంలో వేలాడుతోంది, మీరు కదిలితే అదీ కదులుతుంది. మెల్లగా ముందుకి, వెనక్కి ఊగుతూ వరసగా పది పదిహేను ఫోటోలు తీసేయండి. బర్స్ట్ ఉంటే ఇంకా మంచిది. ఒకటో రెండో సరిగ్గా తగులుతాయి. మిగతావి డిలీట్ చేయండి, సిగ్గుపడక్కర్లేదు. నేను నేటికీ ఇరవై తీసి ఒకటి ఉంచుకుంటాను.

ప్రో మోడ్ ఉన్నవాళ్లు మాన్యువల్ ఫోకస్‌లోకి వెళ్లండి. స్లైడర్ ఒక చివర పువ్వు గుర్తు, ఇంకో చివర కొండ గుర్తు ఉంటాయి. పువ్వు వైపు జరిపేసి, తర్వాత మళ్లీ మీ నడుముతోనే. ఫోకస్ పీకింగ్ ఉంటే ఆన్ చేయండి, షార్ప్‌గా ఉన్న అంచులకి రంగు గీత పడుతుంది. ఎండలో స్క్రీన్ సరిగా కనపడనప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది.

మల్లెపువ్వు వేరే రకం తలనొప్పి. తెలుపు మీద తెలుపు. డబ్బాలో గీతే లేకపోతే ఫోన్ దేన్ని పట్టుకోవాలి? ముందుకి వెనక్కి వెతుకుతూనే ఉంటుంది. రేకు మధ్యలో కాకుండా, రేకు ఆకుపచ్చ తొడిమని కలిసేచోట, లేదా రేకు అంచు ఆకు మీద పడేచోట ట్యాప్ చేయండి. వెంటనే సూర్యుడి గుర్తుని కిందికి లాగి వెలుతురు తగ్గించండి. మల్లెలు చాలాసార్లు ఫోకస్ బాగున్నా మసకగా కనిపించేది, తెలుపు మరీ తెల్లగా పోయి రేకుల మీద గీతలు చెరిగిపోవడం వల్లే.

మూడో విషయం కదలిక. చిన్న లెక్క చూడండి. పిల్లగాలికి పువ్వు సెకనుకి పది సెంటీమీటర్ల వేగంతో ఊగుతోంది అనుకుందాం. పెద్ద గాలేం కాదు. షట్టర్ సెకనులో 50వ వంతు తెరుచుకుని ఉంటే, ఆ కాస్త సేపట్లో పువ్వు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. పిండినల్లి మొత్తం పొడవే 3, 4 మిల్లీమీటర్లు! సగం ఒళ్లు అలుక్కుపోయింది. అదే షట్టర్ సెకనులో వెయ్యో వంతుకి పెడితే జరిగేది మిల్లీమీటరులో పదో వంతు. అంటే ప్రో మోడ్‌లో షట్టర్ 500 నుంచి 1000 దగ్గర పెట్టండి, ఐఎస్‌ఓ ఆటోలో వదిలేయండి. వెలుతురు సరిపోక కాస్త ఇసక పోసినట్టు గ్రెయిన్ వస్తుంది, రానివ్వండి. గ్రెయిన్ ఉన్నా కాళ్లు లెక్కపెట్టొచ్చు, అలుక్కుపోతే లెక్కపెట్టలేం.

ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు. అది ఎక్కువగా ఫోన్ వంగడాన్ని సరిచేస్తుంది. ఇంత దగ్గర్లో మన చేతులు ఫోన్‌ని వంచడమే కాదు, పక్కకి జరుపుతాయి కూడా. ఆ జరుగుడుకి అది పెద్దగా సాయం చేయదు. పెద్ద కెమెరాల్లోనే ఈ రెండో రకం కదలికని కూడా సరిచేసే 100 ఎంఎం మాక్రో లెన్స్‌ని క్యానన్ 2009లో తెచ్చింది. పువ్వు ఊగుతుంటే అయితే ఏ స్టెబిలైజేషనూ ఏం చేయలేదు, అది ఆపేది మీ చేతినే, గాలిని కాదు.

గాలిని ఆపడానికి డబ్బులక్కర్లేదు. ఒక పుల్ల కుండీలో గుచ్చి, బట్టల క్లిప్పుతో కొమ్మని పుల్లకి పట్టించండి, ఫ్రేములో కనపడనంత కింద. గాలి వచ్చేవైపు గొడుగో అట్టముక్కో పెట్టండి. చేతులకి ఆనిక ఇవ్వండి: కూర్చుని మోచేతులు మోకాళ్ల మీద, లేదా ఫోన్‌ని కుండీ అంచుకి ఆనించి. తెర మీద బటన్ నొక్కితే ఫోన్ కదులుతుంది, వాల్యూమ్ బటన్‌తోనో రెండు సెకన్ల టైమర్‌తోనో తీయండి.

అన్నిటికంటే మంచిది పొద్దున్నే లేవడం. మామూలుగా తెల్లవారుజామున గాలి తక్కువ. పురుగులకి ఒంట్లో వేడి బయటి నుంచి రావాలి కాబట్టి, చలికి అవి మందంగా ఉంటాయి, ఎగరవు. శీతాకాలం ఏడింటికి ఆకు మీద మంచుబొట్లతో కూర్చున్న సీతాకోకచిలుక దగ్గరికి మీరు ఎంతసేపు తంటాలు పడ్డా కదలదు. అదే పదకొండింటికి నీడ పడితే చాలు. ఇబ్బంది ఏంటంటే పొద్దున్నే వెలుతురు తక్కువ, షట్టర్ వేగం పెంచలేం. సూర్యుడు డాబా పిట్టగోడ దాటి వచ్చిన మొదటి అరగంట, నా లెక్కలో, రోజు మొత్తంలో మంచి టైమ్. నీడ వైపుకి తెల్ల థర్మోకోల్ ముక్క పట్టుకుంటే వెలుతురు ఇంకాస్త తిరిగొస్తుంది.

ఇంకా ఓపిక ఉన్నవాళ్లకి ఫోకస్ స్టాకింగ్ ఉంది. వేరువేరు పొరల్లో ఫోటోలు తీసి ఒకటిగా కలపడం. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్, మీ ఫోన్ ఒప్పుకుంటే, వరసగా ఫోకస్ మారుస్తూ తీసిపెడుతుంది. కలపడానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. కదలని పువ్వుకి, స్టాండు మీద పెట్టిన ఫోన్‌కి మాత్రమే. డాబా మీద గాల్లో దీంతో కుస్తీ పట్టకండి, నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

పురుగు ఫోటో ఎవరికైనా పంపేటప్పుడు ఒక విషయం మర్చిపోకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది, మీరు కష్టపడి తెచ్చిన కాళ్లు, మీసాలు అక్కడే పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే కనీసం హెచ్‌డీ నొక్కి పంపండి. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మొక్క మొత్తం కనపడేలా ఒకటి. పక్కన ఒక అగ్గిపుల్ల పెడితే సైజు తెలుస్తుంది. కదులుతోందా లేదా అన్నది పది సెకన్ల వీడియోలో ఇట్టే తెలిసిపోతుంది.

ఇదిగో రెండో ఫోటో, మూడు వారాల తర్వాత తీసింది. ఉదయం ఏడున్నర, కొమ్మని పుల్లకి క్లిప్పు పెట్టి, చెయ్యి పెట్టి ఫోకస్ తాళం వేసి, పక్క నుంచి, 2ఎక్స్. ఎడమ వైపు గుంపుగా అంటుకుని ఉన్నవి పిండినల్లి. గుండ్రంగా, అంచు చుట్టూ పొట్టి తెల్ల ముళ్లలా ఉన్నాయి, కదలట్లేదు. కుడివైపు కొంచెం దూరంగా ఉన్నదాన్ని చూడండి. దాదాపు సెంటీమీటరు పొడవు. పోగులు పొడుగ్గా, చిందరవందరగా ఉన్నాయి. ఆ పోగుల కింది నుంచి కాళ్లు కనపడుతున్నాయా? నేను ఒకటే అనుకున్న తెలుపులో రెండు రకాలున్నాయి.

అమ్మకి చూపించాను. చేతిలో సబ్బునీళ్ల స్ప్రే బాటిల్ రెడీగా పట్టుకుని ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఫోటోని తనే వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "మరి పోయినసారి మనం బ్రష్‌తో తోమినవి ఏవిరా?" అంది. ఏం చెప్పను? తెలియదమ్మా అన్నాను.

మొక్క ఎలా ఉందని కామెంట్లలో అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఆరోజు స్ప్రే కొట్టలేదు. ఆ పెద్ద తెల్ల పురుగులున్న రెండు కొమ్మల జోలికి పోకుండా, మిగతా కొమ్మల మీద పిండినల్లిని మాత్రం తడిగుడ్డతో తుడిచాం. కొన్నాళ్లకి ఆ కొమ్మల మీదే నారింజ తలతో చిన్న నల్ల పెంకుపురుగులు తిరగడం మొదలైంది. వాటి ఫోటో మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు. నున్నటి నల్లటి వీపు, మీద ఎండ మెరుపు, ఒక్క క్షణం నిలవవు. రేపు ఆదివారం పొద్దున్నే మళ్లీ ఎక్కుతాను డాబా.